విమానం దిగాక కారు ఎవరు మాట్లాడాలి?

"ఒక్కరే వచ్చారా మేడమ్? సార్ రాలేదా?" అని అడిగాడు డ్రైవరు, శంషాబాద్ విమానాశ్రయం పార్కింగు దాటగానే. 2024 నవంబరు. రాత్రి రెండు దాటింది. ఢిల్లీలో ఒక సమావేశం ముగించుకుని, మూడు గంటలు ఆలస్యమైన విమానంలో వచ్చాను.

"మా ఆయన మెలకువగానే ఉన్నారు. నేను వచ్చేదాకా పడుకోరు" అన్నాను.

నాకు భర్త లేడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా కుటుంబం మీద, పితృస్వామ్యం మీద పరిశోధన చేస్తున్నాను. రక్షకుడనే భావన స్త్రీని ఎలా బందీ చేస్తుందో క్లాసుల్లో చెబుతున్నాను. అటువంటి నేను ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేలోపల ఒక భర్తను సృష్టించుకుని, ఆయనకు నిద్ర కూడా లేకుండా చేశాను. ఇల్లు చేరాక చాలాసేపు నామీద నాకే కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం ఎవరి మీద రావాలో ఆలోచించాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

ముందు ఒక మాట. ఆ డ్రైవరు నన్నేమీ అనలేదు, ఏమీ చేయలేదు. పొద్దున ఆరింటికి బండెక్కాడట. నిద్ర రాకుండా ఉండటానికి మాట్లాడుతున్నానని తర్వాత తనే చెప్పాడు. కానీ ఆ సంగతి నాకు కారెక్కినప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ఇది: ముందురోజు ఫోనులో ఒక ట్రావెల్స్ వాళ్ళతో కారు మాట్లాడుకున్నాను. వాళ్ళు పంపిన మెసేజిలో ఒక బండి నంబరు, ఒక పేరు ఉన్నాయి. వచ్చిన బండి అది కాదు, మనిషి అతను కాడు. ఫోన్ చేస్తే "ఆ బండి వేరే ట్రిప్పుకి వెళ్ళింది మేడమ్, ఇది కూడా మనదే, ఎక్కేయండి" అన్నారు. అర్ధరాత్రి, చేతిలో పెట్టె, ఫోనులో అయిపోతున్న ఛార్జింగు. ఎక్కేశాను. ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం దాకా ఆ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. 2009 అక్టోబరులో అది ప్రారంభమైనప్పుడు నగరానికి విమానాశ్రయం దగ్గరైందని అందరం సంతోషించాం. రాత్రి రెండింటికి ఆ వంతెన మీద నడిచే మనిషి ఉండడు, తీసి ఉండే టీ కొట్టు ఉండదు. బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజుల్లో గేటు బయటికొస్తే ఊరే ఉండేది. 2008 మార్చిలో అది శంషాబాద్‌కు వెళ్ళిపోయాక, దిగిన ప్రతి మనిషికీ ఇరవై పైచిలుకు కిలోమీటర్ల ప్రయాణం మిగిలింది. ఎయిర్‌కండిషన్డ్ పుష్పక్ బస్సులున్నాయి, మంచివే. కానీ బస్సు దిగిన చోటి నుంచి ఇంటికి మళ్ళీ ఆటోయే కదా. 2023 డిసెంబరులో తెలంగాణలో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చినా అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులకే. పుష్పక్‌కు వర్తించదు.

నేను కారెక్కే ముందు జరిగింది ఇంకొకటి చెప్పాలి. బయటి ద్వారం దగ్గర బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పక్కన తాళ్ళతో బిగించిన రెండు అట్టపెట్టెలు, ఒక దుప్పటి మూట. కువైట్ నుంచి వచ్చింది. నాలుగేళ్ళు ఒక ఇంట్లో పని చేసిందట. రాజోలు దగ్గర పల్లె. యజమాని ఇచ్చిన టిక్కెట్టు శంషాబాద్ దాకానే. తీసుకెళ్ళడానికి వస్తానన్న తమ్ముడు రాలేదు, ఊరి బస్సు సాయంత్రానికి గానీ లేదు. "నా కారులో రామ్మా, మా ఇంట్లో పడుకుని పొద్దున వెళ్దువుగాని" అన్నాను.

"వద్దండీ. మీరెవరో నాకు తెలీదు కదండీ. ఎవరు పిలిచినా కారెక్కొద్దని మా ఆడపడుచు మరీమరీ చెప్పిందండి. ఇక్కడే కూర్చుంటానండి, ఇక్కడ లైట్లున్నాయి కదండీ."

ఆమె అన్నది అక్షరాలా నిజం. నేనెవరో ఆమెకు తెలియదు. నాలుగేళ్ళ సంపాదన ఒంటి మీద, పెట్టెల్లో పెట్టుకుని వచ్చిన ఆడమనిషికి ద్వారం దగ్గర "టాక్సీ, టాక్సీ" అని చుట్టుముట్టే తెల్ల నంబరు ప్లేటు బండ్లకీ, నా ఆహ్వానానికీ తేడా ఎక్కడుంది? ఇద్దరం ఒకే ద్వారంలోంచి బయటికొచ్చాం. నేను ఒక అబద్ధం కొనుక్కుని కారెక్కాను. ఆమె లైటు కింద కూర్చుంది. ఇద్దరిలో ఎవరు తెలివైనవారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రాత్రిపూట బయట ఉన్న స్త్రీకి ఈ నగరం ఏం చెబుతూ వచ్చిందో మనకు కొత్త కాదు. 1978లో రమీజాబీ భర్తతో కలిసి రాత్రి సినిమా చూసి వస్తూ పోలీసుల చేతికి చిక్కింది. ఆమెపై అత్యాచారం చేసి, అడ్డొచ్చిన భర్తను కొట్టి చంపి, చివరికి ఆమె నడవడికనే బోనెక్కించారు. నలభై ఏళ్ళు గడిచాక, 2019 నవంబరులో ఇదే శంషాబాద్ దగ్గర టోల్‌గేటు పక్కన ఒక యువ పశువైద్యురాలిని చంపారు. నిందితులు నలుగురినీ డిసెంబరు 6న పోలీసులు కాల్చేస్తే పూలు చల్లినవాళ్ళున్నారు. ఆ కాల్పులు బూటకమని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన సంగతి 2022లో బయటపడింది. ఈ మధ్యలో జరిగినది మాత్రం త్వరగా మరిచిపోయాం. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వేయొద్దని చెప్పారు. దయతోనే చెప్పి ఉండొచ్చు. కానీ రోడ్డు మీద ప్రమాదం ఉందంటే రోడ్డును బాగుచేయకుండా స్త్రీని తీసేయడమే ఆ మాటకు అర్థం. రాత్రి బస్సులో టిక్కెట్టు కొట్టే స్త్రీ లేకపోతే, ఆ బస్సెక్కే స్త్రీ ఇంకా ఒంటరిదవుతుంది.

రెండో రకం సమాధానం యంత్రాలది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఒక యాప్ క్యాబ్ డ్రైవరు ప్రయాణికురాలిపై అత్యాచారం చేశాక పెద్ద గొడవ జరిగింది. 2016లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చి, బస్సుల్లో, టాక్సీల్లో జీపీఎస్ పరికరం, ఆపదలో నొక్కే బటన్ ఉండాలంది. ఆటోలను మినహాయించింది! నేనెక్కిన కారులో ఆ బటన్ ఉంది. దాని మీద దేవుడి స్టిక్కరు అతికించి ఉంది. (నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డ్రైవరుకు అదేమిటో కూడా తెలియదు.)

మూడో సమాధానం చట్టానిది. మనలాంటి సంస్థల్లో ఉన్నవాళ్ళం ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. దానికి ముందు 1997 నాటి విశాఖ తీర్పు, దాని వెనక భన్వరీదేవి పోరాటం. ఈ చట్టంలో 'పని ప్రదేశం' అంటే ఆఫీసు నాలుగు గోడలు కాదు. ఉద్యోగరీత్యా వెళ్ళిన ఏ చోటైనా, ఆ ప్రయాణానికి యజమాని ఏర్పాటు చేసిన వాహనమైనా పని ప్రదేశమే. స్వచ్ఛంద సంస్థలు కూడా అందులో పేరుపెట్టి ఉన్నాయి. జీతం లేని వాలంటీరు, శిక్షణలో ఉన్న అమ్మాయి కూడా ఉద్యోగి కిందికే వస్తారు. ఇప్పుడు ఆ నిర్వచనాన్ని మళ్ళీ చదవండి: 'యజమాని ఏర్పాటు చేసిన వాహనం'. ఏర్పాటే చేయకపోతే? "మీరే మాట్లాడుకుని రండి, బిల్లు పంపితే డబ్బులిస్తాం" అంటే? అప్పుడు ఆ కారు మన కమిటీ పరిధిలోకి వస్తుందా రాదా అన్న వాదన మొదలవుతుంది. ఈ వాదనలు ఎలా నడుస్తాయో బెంగళూరులో చూశాం. 2018లో యాప్ ద్వారా కారెక్కిన ఒకామె డ్రైవరు ప్రవర్తన మీద ఫిర్యాదు చేస్తే, డ్రైవర్లు మా ఉద్యోగులు కారు కాబట్టి మా కమిటీకి సంబంధం లేదంది కంపెనీ. ఆరేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరు 30న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆ వాదన చెల్లదని, విచారణ జరపాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చారు. కొద్ది రోజుల్లోనే డివిజన్ బెంచి దాని మీద స్టే ఇచ్చింది. ఒక్క ప్రయాణం గురించి అడగడానికి ఆరేళ్ళు పట్టింది.

కంపెనీలను అనడం తేలిక. మన సంగతేమిటి?

2005లో బెంగళూరులో, 2007లో పుణెలో కాల్ సెంటర్ ఉద్యోగినులు రాత్రి డ్యూటీకని కారెక్కి హత్యకు గురయ్యాక, ఆ రంగంలో కొన్ని పద్ధతులు వచ్చాయి. రాత్రి డ్యూటీ చేసే స్త్రీకి కంపెనీయే కారు పెట్టాలి, చివర దిగేది స్త్రీ అయితే తోడు గార్డు ఉండాలి వంటివి. సరిగా అమలవుతున్నాయా అన్నది వేరే ప్రశ్న, కనీసం కాగితం మీద ఉన్నాయి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మన సంస్థల్లో ఆ కాగితం కూడా లేదు. మన బడ్జెట్లలో 'స్థానిక రవాణా' అని ఒక పద్దు ఉంటుంది. ఆ పద్దు ఎవరి మీద ఖర్చవుతుందో గమనించారా? ఢిల్లీ నుంచో ముంబై నుంచో వచ్చే వక్తకు విమానాశ్రయంలో పేరు రాసిన అట్టముక్క పట్టుకుని డ్రైవరు నిలబడతాడు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చే క్షేత్ర కార్యకర్తకు "టిక్కెట్టు చూపిస్తే ఛార్జీ ఇస్తాం" అంటాం. ఆమె తెల్లవారుజామున మూడున్నరకు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి, వెలుతురొచ్చేదాకా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పదింటికి సమావేశానికొస్తుంది. నేను మాట్లాడిన ఒక సభలో చర్చాంశం స్త్రీల సంచార స్వేచ్ఛ. మధ్యాహ్నం నా ప్రసంగంలో ముందు వరసలో ఒకామె కునుకు తీస్తుంటే నాకు చిన్నతనంగా అనిపించింది. ఆమె రాత్రంతా ఎక్కడ కూర్చుందో భోజనాల దగ్గర తెలిసింది. నన్ను మాత్రం కారులో తెచ్చారు. అప్పుడు కూడా నేనేమీ అడగలేదు.

"ఫండింగ్ సంస్థలు ఒప్పుకోవు" అంటారు మిత్రులు. మనం ఎన్నడైనా ఆ పద్దు పేరుపెట్టి అడిగామా? భోజనాలకి, బ్యానర్లకి, ఫైళ్ళకి, మెమెంటోలకి అడుగుతాం. రాత్రి పదికీ ఉదయం ఆరుకీ మధ్య మన పిలుపు మీద నగరంలో దిగే ప్రతి స్త్రీకీ, విమానంలో వచ్చినా రైల్లో వచ్చినా ఎర్ర బస్సులో వచ్చినా, సంస్థే కారు మాట్లాడాలి. సంస్థ పేరు మీదే మాట్లాడాలి. పసుపు ప్లేటు బండి, నంబరు ముందే తెలియాలి, చెప్పకుండా బండీ మనిషీ మారకూడదని ట్రావెల్స్ వాళ్ళతో కాగితం మీద రాయించుకోవాలి. ఆ రాత్రి ఫోను ఎత్తడానికి మన వాళ్ళలో ఒకరు మేలుకుని ఉండాలి. మేలుకున్నందుకు మర్నాడు ఆమెకు సెలవివ్వాలి, అదీ శ్రమే. ఏదైనా జరిగితే ఫిర్యాదు మన కమిటీ దగ్గరికే వస్తుందని ముందుగానే చెప్పాలి. ఇవేమీ కష్టమైన పనులు కావు.

డ్రైవరు సంగతి కూడా ఆ కాగితంలోనే ఉండాలి. పద్దెనిమిది గంటలుగా బండి మీదున్న మనిషి చేతిలో మన ప్రాణం పెట్టి, విమానం ఆలస్యమైతే వెయిటింగ్ డబ్బుల దగ్గర బేరమాడతాం. అతన్ని అనుమానించడం మనకు త్వరగా వస్తుంది, అతను ఎప్పుడు పడుకున్నాడని అడగడం రాదు. రాత్రి బత్తా, ఆగిన గంటలకు డబ్బు, వెనక్కి వెళ్ళేముందు కాస్త నడుం వాల్చే చోటు మనమే ఒప్పుకోవాలి.

మహిళా డ్రైవర్లను పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. ఢిల్లీలో ఆజాద్ ఫౌండేషన్ 2008 నుంచి బస్తీ స్త్రీలకు డ్రైవింగ్ నేర్పుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో సబ్సిడీ మీద షీ క్యాబ్స్ మొదలుపెట్టింది. స్త్రీ చేతికి స్టీరింగ్, సంపాదన రావడం నాకు చాలా ఇష్టమైన విషయం. అయితే నన్ను మూడింటికి గుమ్మం ముందు దింపి, ఖాళీ బండితో ఒక్కతే వెనక్కి వెళ్ళే ఆ స్త్రీ రక్షణ ఎవరి పద్దులో రాస్తాం? నా భయాన్ని ఆమె ఒళ్ళో పెట్టి నేను తలుపేసుకోవడం పరిష్కారమెలా అవుతుంది?

మొన్న ఒక సంస్థ నుంచి రాష్ట్రస్థాయి సమావేశానికి ఆహ్వానం వచ్చింది. దాంతోపాటు వచ్చేవాళ్ళ పట్టిక పంపారు. విమానంలో వస్తున్న ఆరుగురి పేర్ల పక్కన బండి నంబర్లు, డ్రైవర్ల ఫోన్లు ఉన్నాయి. రాత్రి బస్సుల్లో వస్తున్న ఇరవై ముగ్గురి పేర్ల పక్కన ఆ గడి ఖాళీగా ఉంది. అది నింపి మళ్ళీ పంపండి, అప్పుడు నా టిక్కెట్టు తీసుకుంటాను అని రాశాను. ఇంకా జవాబు రాలేదు.