ఆటోనగర్ పాఠాలు – 7: ఓటరే చెడితే?



విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ వెనక ఇరుసైనా చూడండి. ఒక్కో వైపు జంట టైర్లు. ఒకటి పంచరైనా రెండోది బండిని మెల్లగా షెడ్డుకి చేరుస్తుంది. చెడేది చెడుతుంది, బండి ఆగకూడదు. మైక్రోప్రాసెసర్ డిజైన్‌లో ఫాల్ట్ టాలరెన్స్ అంటే ఇదే.

నమ్మలేని భాగాలతో నమ్మదగిన యంత్రం కట్టడమెలాగో 1956లో వాన్ నాయ్‌మన్ రాశాడు. ఒకే లెక్కను మూడు సర్క్యూట్లు చేస్తాయి. రెండు ఒప్పుకున్నదే జవాబు. అది తేల్చే సర్క్యూట్ పేరు ఓటరు. ఓటరే చెడితే? కీలకమైన చోట ఓటర్లనూ మూడు పెడతారు.

అదీ చాలదు. మూడింటిలో ఒకే ప్రోగ్రాం ఉంటే మూడూ ఒకే తప్పు చేస్తాయి. అందుకే అమెరికా స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటర్లు ఒకే ప్రోగ్రాం నడిపితే, ఐదోదానికి వేరే బృందం విడిగా రాసింది.

ఈ పాఠం చెప్పే కాలేజీలు ఎలా నడుస్తున్నాయి? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం చేసేది ప్రభుత్వం. హాల్ టికెట్ ఆగేది మాల, మాదిగ పిల్లలకి. ఇంటర్నల్ మార్కులు ఒక్కరి చేతిలో. ఆయన ఊరు, పేట అడిగి మార్కు వేస్తే రెండో ఓటరెక్కడ? కమిటీ వేశామంటారు. ముగ్గురూ ఒకే కులం వాళ్లయితే అది ఒకే ప్రోగ్రాంకి మూడు కాపీలు.

మనం అడిగేది జాలి కాదు. ఫీజు బకాయికి పరీక్ష ఆపొద్దు. మార్కులు ఇద్దరు వేయాలి. ప్రతి కమిటీలో మనవాళ్లుండాలి.

మా ప్రతిభని కొలిచేముందు మీ డిజైన్ సరిచేసుకోండి.

జై భీమ్.