మా పాత బండ్లను చంపుతున్నది బోరు నీళ్లే

కర్నూలు, కడప జిల్లాల్లో పదిహేనేళ్లు దాటిన టెంపో ట్రావెలరో, తుఫాన్ బండో షెడ్డులో పడితే చాలు, "పాత బండి కదా, ఇంకేం ఉంటాది" అనేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. కర్నూలులో ట్రావెలర్‌ను బాడుగకు తిప్పి బతికేవాణ్ణి. యాగంటి, అహోబిలం, మహానంది, మంత్రాలయం, శ్రీశైలం, ఇవే నా దారులు. నేను చూసినంతలో మా బండ్లు వయసు మీరి పోవడం లేదు, రేడియేటర్‌లో పోసే నీళ్లతో పోతున్నాయి.

ఈ నేల ఎలాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. బేతంచెర్ల బండలు, కడప బండలు, ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నిటికీ ఆధారం సున్నపురాయే. ఆ రాళ్ల సందుల్లో ఊరిన నీరే మా వైపు చాలా ఊళ్ల బోర్లలో వచ్చేది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టే పొర ఏదో, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పడుతుంది. గొట్టాలు పూడేకొద్దీ ఇంజన్ వేడి బయటికి పోయే దారి తగ్గుతుంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నిండా జనంతో, ఏసీ వేసుకుని మిట్ట ఎక్కితే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోక ఏం చేస్తుంది? డ్రైవర్ బండి పక్కకు తీస్తాడు. దగ్గర్లో ఉన్న కొళాయి నుంచి ఒక క్యాను నీళ్లు తెచ్చి పోస్తాడు. అంటే ఇంకొంచెం సున్నం పోసినట్టే.

నిజానికి ఈ ఇంజన్లు మొండివి. ట్రావెలర్ జర్మనీలో మెర్సిడెస్ వాళ్లు చేసిన టీ1 వ్యాన్ నమూనా. మన దేశంలో బజాజ్ టెంపో కంపెనీ 1987లో తయారీ మొదలుపెట్టింది. 2005లో ఆ కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్ అయింది. పాత బండ్లలోని 2.4 లీటర్ల ఓఎం616 డీజిల్ ఇంజన్ కూడా మెర్సిడెస్‌దే. ఆయిల్, నీళ్లు సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. చూసుకోకపోతే మాత్రం వేడికి హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ కొట్టేస్తుంది. రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంది. డిప్ స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో కనిపిస్తుంది. అది చూశాక ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు.

ఖర్చు సంగతికొస్తాను. రెండేళ్లకోసారి రేడియేటర్ శుభ్రం చేయించి, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు చూపించి, కూలెంట్ పోయిస్తే నాకు 3, 4 వేలు అవుతుంది. హెడ్ దించి, లేత్‌లో ఫేసింగ్ పట్టించి, కొత్త గ్యాస్కెట్ వేస్తే 20 వేలకు తక్కువ కాదు. అక్కడా ఆగక సిలిండర్ బోరు పని, పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్ దాకా పోతే లక్ష దగ్గరికి వస్తుంది. ఆ పని అయ్యేదాకా బాడుగ ఉండదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

ఇంకో చెడ్డ అలవాటు ఉంది. ఎండాకాలం రాగానే థర్మోస్టాట్ పీకి పారేయించడం. బండి చల్లగా ఉంటుందనుకుంటారు. సున్నం పట్టిన రేడియేటర్ దానివల్ల బాగుపడదు. ఇంజన్ సరైన వేడికి రాక చలికాలంలో డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది.

ఓనర్లకు ఇవన్నీ తెలియవని కాదు. కానీ ఎక్కేవాళ్లు బాడుగ మాట్లాడేటప్పుడు కిలోమీటరుకు రూపాయి దగ్గర గంటసేపు బేరం నడుస్తుంది. సీటు కవర్లు ఎలా ఉన్నాయి, పాటలు వస్తాయా అని అడుగుతారు. కూలెంట్ ఎప్పుడు మార్చావని అడిగినవాళ్లు లేరు. ఉన్న డబ్బు కంటికి కనిపించే వాటికే పోతుంది.

ఇంజన్ ఆగితే డబ్బే పోతుంది. బ్రేకులు అలా కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరగొచ్చు. గువ్వలచెరువు ఘాట్‌లోనో, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారిలోనో, శ్రీశైలం మలుపుల్లోనో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడి తేలిగ్గా పుడుతుంది. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. మా స్టాండులోని ఒక తమ్ముడికి అలాగే జరిగింది. గేరు తగ్గించి, కొండవైపు గట్టుకు ఆనించి ఆపాడు. ఆ ఆయిల్ మార్చడానికి వెయ్యి రూపాయలు కూడా పట్టదు. ట్రావెలర్‌లో ఎక్కేది ఒక్కరిద్దరు కాదు, చుట్టాలందరూ కలిసి ఎక్కుతారు. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి దగ్గర హైవే మీద, మదనపల్లె నుంచి అజ్మీర్ పోతున్న ట్రావెలర్ లారీని ఢీకొని 14 మంది పోయారు. కారణం ఏదైనా, ఒక్క బండితో ఎన్ని ఇళ్లు ఆరిపోతాయో మా జిల్లాకు ఆరోజు తెలిసింది.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. ఫిట్‌నెస్‌కు ముందు మేం పెయింట్ వేయిస్తాం, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటిస్తాం, లైట్లు సరిచేస్తాం. బ్రేకు పట్టు పరీక్షిస్తారు సరే, చల్లగా ఉన్న బండికి ముసలి ఆయిల్‌తోనూ పట్టు బాగానే ఉంటుంది. ఆయిల్‌లో తేమ ఎంతుందో చూపే పెన్ను లాంటి పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఫిట్‌నెస్ జరిగే ప్రతిచోటా అది ఉండాలి. తేమ ఎక్కువుంటే ఆయిల్ మార్చుకుని వచ్చాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. రేడియేటర్ మూత తీసి చూడటం కూడా ఆ పరీక్షలో చేర్చాలి. మా ఓనర్లలో కొందరు నా మీద కోప్పడతారు. అయినా అడుగుతున్నాను.

రేపు శివరాత్రికి శ్రీశైలం బండి మాట్లాడుకునేవాళ్లకూ ఒక మాట. పొద్దున బయలుదేరేముందు, ఇంజన్ చల్లగా ఉండగానే, రేడియేటర్ మూత తీయమని డ్రైవర్‌ను అడగండి. లోపల ఆకుపచ్చగానో ఎర్రగానో కూలెంట్ కనిపిస్తే ఎక్కండి. తుప్పు నీళ్లు కనిపిస్తే ఇంకో బండి చూసుకోండి.