ఆపిల్ బేరానికి జనవరి చలి కాదు, నవంబరు చలి కీలకం

కాశ్మీరులో మంచు పడిందన్న కబురు అందగానే పండ్ల మార్కెట్లలో ఫోన్లు మోగడం, కోల్డ్ స్టోరేజీలలో సరుకు ఉన్నవారు చేయి బిగించడం, పెట్టెకు ఇంత అని రేటు ఎక్కించడం ఏటా జరిగే తంతే. మంచు ఎంత మందాన పడింది, రహదారి ఎన్నాళ్లు మూతపడింది అన్న రెండు ప్రశ్నలతో విచారణ ముగుస్తుంది. లారీల రాక మటుకు చూసుకుంటే ఆ ప్రశ్నలు సబబే. కాని వచ్చే ఏటి పంట మీద సొమ్ము పెట్టే అడ్తీదారులు అడగవలసింది వేరు. ఆ చలి వచ్చేనాటికి చెట్టు సిద్ధపడి ఉన్నదా, లేదా?

ఆపిల్ చెట్టుకు చలిని తట్టుకునే శక్తి ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. ఎండాకాలంలో ఎదుగుతున్న కొమ్మ సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి పోతేనే చస్తుంది. అదే కొమ్మ జనవరి నాటికి మైనస్ 30 డిగ్రీల సెంటిగ్రేడును కూడా భరించగలదు. ఈ తేడా అంతా శరదృతువులో, వారాల తరబడి, మెట్టుమెట్టుగా వస్తుంది. మొదట కొత్త చిగుళ్లు ఆగిపోవాలి. ఆకులు తాము తయారుచేసిన ఆహారాన్ని కొమ్మలకు, కాండానికి, వేళ్లకు చేరవేసి ఆ పైన రాలాలి. రాత్రి ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగే రోజులు వచ్చాక రెండవ మెట్టు మొదలవుతుంది. నిలవ ఉన్న పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కణాల పొరల తీరు మారుతుంది, కణంలోని నీరు కొంత బయటికి జారి కణాల నడుమ ఖాళీలలో గడ్డకడుతుంది. అలా బయట గడ్డకడితే చెట్టుకు భయం లేదు. కణం లోపలే గడ్డకడితే ఆ కణం చచ్చినట్టే. తేమ ఆరని మిర్చి బస్తా గోదాములో ఏమవుతుందో గుంటూరు వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. చెట్టు చేసుకునే ఏర్పాటు కూడా ఇంచుమించు ఆ ఆరబెట్టడం లాంటిదే.

ఈ మార్పును మొదలుపెట్టేది పగటి పొద్దు తగ్గడమా, చలి గాలా అన్న విషయంలో శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదు. పొద్దు తగ్గడాన్ని ఆకులే గుర్తుపడతాయని 1970లో హోవెల్, వైజర్ ఆపిల్ మీద పరిశోధనలు చేసి చెప్పారు. 2005లో హైడె, ప్రెస్ట్రుడ్ మాత్రం ఆపిల్, పియర్ చెట్లలో ఎదుగుదలను ఆపేది చలే గాని పగటి నిడివి కాదని తేల్చారు. వర్తకునికి ఈ తగవు వట్టి పుస్తకాల సంగతి కాదు. రెండవ వాదమే నిజమైతే, అక్టోబరు వెచ్చగా గడిచిన ఏడాది చెట్టు ఆలస్యంగా నిద్రకు ఉపక్రమిస్తుంది, పంచాంగం ప్రకారం కాదు.

అటువంటి ఏడాది హఠాత్తుగా చలి విరుచుకుపడితే ఏమవుతుందో అమెరికాలోని అయోవా రాష్ట్రం 1940లో చూసింది. ఆ ఏడు శరదృతువు వెచ్చగా గడిచింది. నవంబరు 11న ఒక్కరోజులో ఉష్ణోగ్రత దభేలున పడిపోయింది. ఇంకా గట్టిపడని చెట్లు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. అంతవరకు ఆపిల్‌కు పేరున్న ఆ రాష్ట్రంలో చాలామంది రైతులు తోటలు తిరిగి నాటక మొక్కజొన్నకు, సోయాకు మారిపోయారు. అదే చలి జనవరిలో వచ్చి ఉంటే ఆ చెట్లలో చాలా భాగం నిలిచేవి. మన మార్కెట్లలో తిరిగే డెలిషస్ రకం పుట్టినిల్లు కూడా ఆ అయోవాయే కావడం గమనార్హం. పెరూ అనే ఊరి దగ్గర జెస్సీ హయట్ తోటలో పుట్టిన ఆ రకాన్ని తర్వాత శామ్యూల్ స్టోక్స్ హిమాచల్‌లోని కోట్‌గఢ్‌కు తెచ్చారు.

కాశ్మీరులో 2018 నవంబరు మొదటి వారంలోను, 2019 నవంబరు 7న మళ్లీ ముందుగానే కురిసిన మంచుకు తోటలు దెబ్బతిన్నాయి. ఆకులు రాలకముందే తడిమంచు పడటంతో ఆ బరువుకు కొమ్మలు, కొన్నిచోట్ల కాండాలు చీలిపోయాయి. అది చలిదెబ్బ కన్నా బరువు దెబ్బే. అయితే నవంబరులో చెట్టు మీద పచ్చని ఆకు నిలిచి ఉన్నదంటే, లోపలి ఏర్పాటు కూడా పూర్తి కాలేదని అర్థం చేసుకోవాలి. దీనికి భిన్నంగా 2021 జనవరిలో శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల కిందికి దిగితే ఎంత గగ్గోలు పుట్టింది! నిద్రలో ఉన్న ఆపిల్ చెట్టుకు అది లెక్కలోనిది కాదు. పైగా వేళ్లకు కాండమంత ఓర్పు ఉండదు. నేల మీద పరచుకున్న మంచే వాటికి దుప్పటి. చిల్లై కలాన్ నలభై రోజులలో మంచు పడిందంటే పంట పోయిందని రేటు పెంచడం తెలివైన బేరం కాదు.

చలి గంటల లెక్క కూడా దీనితో కలిపివేయరాదు. పూత సరిగా రావడానికి డెలిషస్‌కు 7 డిగ్రీల దిగువన వెయ్యి గంటల దరిదాపు చలి కావాలన్నది వేరే విషయం. అది లోపిస్తే పూత చెడుతుంది, చెట్టు చావదు.

ఇందులో వ్యాపారుల బాధ్యత కూడా కొంత ఉన్నదని చెప్పక తప్పదు. తోటను ఒక్క సీజనుకు గుత్తకు పట్టినవానికి రంగు కోసం కాయను చెట్టు మీద ఎంతకాలమైనా ఉంచాలనిపిస్తుంది. మరుసటి ఏటి కొమ్మ గురించి అతనికి పట్టదు. విపరీతమైన కాపు మోసి, ఆలస్యంగా కోతకు వచ్చిన చెట్టుకు నిలవ చేసుకునే వ్యవధి మిగలదు. చివరి దశలో యూరియా వేసినా, నీళ్లు ఎక్కువ పెట్టినా, ఆకుమచ్చ తెగులుతో ఆకు ముందే రాలినా ఫలితం అదే. మామిడి తోటల గుత్తలో ఆరితేరిన మన వర్తకులకు ఈ స్వభావం కొత్తది కాదు. కాకపోతే మామిడికి మంచును ఓర్చే విద్యే లేదు గనుక ఈ లెక్క వారికి ఎదురుపడలేదు.

కనుక చలికాలంలో, పూత రాకముందే ఢిల్లీ ద్వారా గాని నేరుగా గాని అడ్వాన్సు పంపేవారు అవతలి పక్షాన్ని అడగవలసినవి ఇవి: కోత ఏ తేదీకి ముగిసింది, ఆకు ఏ వారంలో రాలింది, దానంతట అది రాలిందా తెగులుతో రాలిందా, మొదటి గట్టి చలి అంతకు ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా. జవాబులు అనుమానంగా ఉంటే ఫిబ్రవరిలో తోటలో మనిషిని పెట్టి కాండం చీలే పంగ దగ్గర, మొదలు దగ్గర బెరడు కొద్దిగా గీరి చూపించుకోవచ్చు. అందరికన్నా ఆలస్యంగా గట్టిపడే చోట్లు అవే. లోపల పచ్చగా ఉంటే సరే. గోధుమరంగుకు తిరిగి ఉంటే, పైన కొమ్మలు ఎంత నిగనిగలాడుతున్నా, ఆ తోట అడ్వాన్సు మొత్తాన్ని మళ్లీ మాట్లాడుకోవలసిందే.