రెండు చెవులెందుకు?

పిల్లలూ! సెంటినరీ కాలనీ చుట్టుపక్కల బొగ్గుగనులున్నవి. ఆ దారుల్లో బొగ్గు లారీలు తిరుగుతూ ఉంటవి. మలుపు అవతల హారన్ మోగితే, లారీ కనిపించకముందే మన తల అటు తిరుగుతుంది. అది ఏ వైపున ఉన్నదో ఎట్లా తెలిసింది?

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. హారన్ కుడివైపున మోగితే ముందు కుడిచెవికి వినిపిస్తుంది. తల చుట్టి ఎడమచెవికి చేరేసరికి కొంచెం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యం? సెకనును 1,000 భాగాలు చేస్తే, అందులో ఒక భాగమైనా కాదు! అయినా మెదడు దానిని పసిగడుతుంది. కీచు శబ్దాలకైతే తలే అడ్డు వచ్చి, అవతలి చెవికి మోత తగ్గుతుంది. ఆ తేడానూ మెదడు లెక్కలోకి తీసుకుంటుంది. ఈ రెండు ఉపాయాలనూ 1907లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ వివరించాడు.

మరి సరిగ్గా ఎదురుగానో, వెనకనో మోగితే? రెండు చెవులకూ ఒకేసారి వినిపిస్తుంది. అప్పుడు చెవి డొప్పల మడతలు సాయం చేస్తవి. తల కాస్త తిప్పితే అనుమానం తీరుతుంది.

పరీక్ష చేసి చూడండి. కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చోండి. స్నేహితుడు చుట్టూ తిరుగుతూ చిటికె వేయాలి. మీరు వేలితో ఆ వైపు చూపించాలి. తరువాత ఒక చెవిని గట్టిగా మూసుకుని మళ్ళీ ఆడండి. పొరపాట్లు ఎక్కువవుతవి.

అందుకే రోడ్డు దాటేటప్పుడు ఒక్క చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా ప్రమాదమే. హారన్ వినబడినా, లారీ ఎటునుంచి వస్తున్నదో తెలియకపోవచ్చును. మీ నాన్నగారు గనిలో పెద్ద యంత్రాల దగ్గర పనిచేస్తారా? చెవులకు రక్షణ పెట్టుకోమని గుర్తు చేయండి. ఏళ్ళ తరబడి మోతలో పనిచేసి పోగొట్టుకున్న వినికిడి మళ్ళీ రాదు.