ల్యాబ్ రికార్డు కాపీ కొడుతున్నారా? ఒక్కసారి ఈ పరికరం సంగతి వినండి

రేపు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నారంటే ఈ రాత్రి హాస్టల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క రికార్డు చుట్టూ పదిమంది చేరతారు. అందరి రీడింగులూ ఒకటే. కాస్త తెలివైనవాళ్లు చివరి అంకె మారుస్తారు. ప్రయోగం చేసింది ఇద్దరో ముగ్గురో, గ్రాఫు మాత్రం అరవై మందికీ చక్కగా వస్తుంది. ఇక ఫైనలియర్ ప్రాజెక్టు సరేసరి. అమీర్‌పేటలో కొనుక్కొచ్చి, బైండింగ్ చేయించి, పేరు రాసి ఇచ్చేస్తాం. ‘అందరూ చేసేదేగా’ అనుకుంటాం.

నేనూ అలాగే చదువుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వైద్య పరికరాల తయారీలో మంచి అవకాశాలున్నాయని మీరు ఇలాంటి పేజీల్లోనే చదివి ఉంటారు. నిజమే, ఉన్నాయి. అయితే ఆ రంగంలోకి వెళ్లాలంటే ఏ కోర్సు చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగేవాళ్లే తప్ప, అక్కడ అన్నిటికన్నా ముందు కావాల్సిందేమిటో అడిగేవాళ్లు నాకు తగల్లేదు. అదేమిటో ఒక చిన్న పరికరంతో చెబుతాను. దాని పేరు ట్యాకర్.

పొట్ట లోపల అతుకు

పొట్ట గోడలో ఎక్కడో కండరం బలహీనపడుతుంది. ఆ సందులోంచి పేగో, కొవ్వో బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఒక్కరైనా ఉండే ఉంటారు. ప్రపంచం మొత్తంమీద గజ్జల్లో వచ్చే హెర్నియాకే ఏటా 2 కోట్లకు పైగా ఆపరేషన్లు జరుగుతున్నాయని అంచనా.

పూర్వం ఆ సందు అంచుల్ని దగ్గరికి లాగి కుట్టేవారు. లాగి కుట్టినది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ ఊడేది. 1958లో అమెరికా సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్‌తో అల్లిన వల వాడి చూపించారు. తర్వాత అది పాలీప్రొపిలీన్‌కు మారింది. మనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, బియ్యం బస్తా కూడా ఆ జాతి ప్లాస్టిక్కే. కాకపోతే ఒంట్లో పెట్టేదాని శుద్ధి, పరీక్షలు వేరు. 1980ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్ లాగి కుట్టడం మానేసి, వలను అతుకుగా వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. చిరిగిన చొక్కాను లాగి కుట్టకుండా, కింద గుడ్డముక్క వేసి కుడతాం చూడండి, అదే సూత్రం.

ల్యాప్రోస్కోపీ వచ్చాక పని ఇంకాస్త చిక్కుగా మారింది. గజ్జల్లో హెర్నియాకు వాడే వల సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని చుట్టలా చుట్టి, 10-12 మిల్లీమీటర్ల గొట్టంలోంచి లోపలికి పంపాలి. లోపల విప్పాలి, ముడతల్లేకుండా పరచాలి, కదలకుండా నిలపాలి. ఇదంతా ఎదురుగా ఉన్న తెర మీద చూస్తూ చేయాలి.

ఆ నిలపడానికి వాడే సాధనాల్లో ఒకటి ట్యాకర్. పట్టుకునే చోట పిస్తోలులా ఉంటుంది. ముందుభాగం 5 మిల్లీమీటర్ల మందం, అంటే పెన్సిల్ కన్నా సన్నం. ట్రిగ్గర్ నొక్కితే చివరినుంచి చిన్న స్ప్రింగులాంటి ట్యాక్ తిరుగుతూ వలలోంచి కండరంలోకి స్క్రూలా దిగుతుంది. టైటానియంవైతే జీవితాంతం ఉండిపోతాయి. కొన్ని రకాలు నెలల తరబడి నెమ్మదిగా కరిగిపోతాయి. ట్యాకర్ ఒక్క రోగికే వాడి పారేసే వస్తువు.

ప్రతి ఆపరేషన్‌కూ ట్యాకర్ కావాలనేం లేదు. కుట్లు, జిగురు కూడా ఉన్నాయి. ల్యాప్రోస్కోపీలో చేసే గజ్జల హెర్నియాలు చాలావాటికి ఏదీ వేయకుండానే సరిపోతుంది. వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం తప్పుకు చోటుండదు. గజ్జల దగ్గర ఒక గీత కింద కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలు, నరాలు ఉంటాయి. అక్కడ ట్యాక్ పడితే రక్తస్రావమో, ఏళ్ల తరబడి వదలని నొప్పో తప్పదు. ట్యాక్ సగమే దిగి ఊడిపోతే దాన్ని పేగుల మధ్య వెతికి తీయాలి. తల బయటికి నిలబడిపోతే పేగు దానికి అతుక్కునే ప్రమాదం ఉంది. ఎక్కడ కొట్టకూడదో తెలియడం సర్జన్ విద్య. కొట్టినచోట కొట్టినట్టు దిగేలా చేయడం మన పని.

నేను రాసిన అబద్ధం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చిన పని చాలా సాదాది. ఇరవై ట్యాకర్లు తీసుకోవాలి. ఒక్కోదానిలో ముప్ఫై ట్యాకులు. వాటిని పరీక్ష కోసం పెట్టిన స్పాంజిలాంటి దిమ్మలోకి ఒక్కొక్కటే కొట్టాలి. ప్రతిదీ పూర్తిగా దిగిందా లేదా రాయాలి. మొత్తం ఆరువందల సార్లు నొక్కడం. సాయంత్రానికి పదిహేడు అయ్యాయి. వేలు నొప్పి, అవతల ఆఫీసు బస్సు వెళ్లిపోయే టైము. అప్పటిదాకా ఒక్కటీ ఫెయిల్ కాలేదు. మిగతా మూడింటికీ ‘పాస్, పాస్’ అని నింపేసి, సంతకం పెట్టి బస్సెక్కేశాను. కాలేజీలో నాలుగేళ్లు చేసిన పనేగా!

మర్నాడు మా మేడమ్ ట్రేలో చూశారు. మూడు ట్యాకర్లు నిండుగా అలాగే ఉన్నాయి.

‘‘వీటిని ఎవరు కొట్టారు బాబూ?’’ అన్నారు.

నాకు మాట రాలేదు. ఆవిడ అరవలేదు. ఆ మూడూ నా చేతే కొట్టించారు. మూడూ బ్రహ్మాండంగా పనిచేశాయి. తొంభైకి తొంభై దిగాయి. హమ్మయ్య అనుకున్నా. అప్పుడావిడ నేను అంతకుముందు నిజంగా చేసిన పదిహేడింటి ఫలితాల మీద కూడా అడ్డగీత గీసి, తేదీ వేసి సంతకం పెట్టారు. ‘‘ఇవి నిజమని ఇప్పుడెలా నమ్మను? మళ్లీ కొత్త ఇరవై తీసుకో’’ అన్నారు.

ఆ రోజు నాకు అన్యాయం అనిపించింది. పరికరం బాగానే ఉందిగా, ఇంత రాద్ధాంతమెందుకు అనుకున్నా. అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ ట్యాకర్‌ను విప్పి చూడలేరు, ఓసారి కొట్టి చూసి వాడదామన్నా ప్యాకెట్ విప్పాక ఉన్నవే ఆ ముప్ఫై. ఆ చేతికున్న ధైర్యమల్లా ఎక్కడో ఎవరో నిజాయతీగా రాసిన ఒక కాగితం. ఆ కాగితంలో ఒక్క అబద్ధం ఉందని తేలితే మిగతా నిజాలకూ విలువ పోతుంది.

రాయనివాటి ఖరీదు

పరీక్షలో కొట్టడం, రాయడం ఒక ఎత్తు. పరికరం బయటికి వెళ్లాక ఏమైందో రాయడం ఇంకో ఎత్తు. అది జరగకపోతే ఏమవుతుందో ఇదే మెష్ చరిత్రలో ఉంది.

కాన్పుల తర్వాత, వయసు మీదపడ్డాక కొందరు ఆడవాళ్లకు గర్భసంచి, మూత్రాశయం కిందికి జారతాయి. దానికీ ప్లాస్టిక్ మెష్ వాడొచ్చని, యోని మార్గంలో దాన్ని అమర్చే వంపు సూదులతో సహా కిట్లు వచ్చాయి. అమెరికాలో వీటిలో చాలావాటికి ‘అంతకుముందున్న వస్తువులాంటిదే’ అన్న పద్ధతిలో అనుమతి దొరికింది. మనుషుల మీద పెద్ద పరీక్షలు ముందుగా జరగలేదు. తర్వాత నొప్పి, మెష్ కణజాలాన్ని కోసుకుని బయటికి రావడం వంటి ఫిర్యాదులు మొదలయ్యాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరించింది. 2011లో ఈ సమస్యలు అరుదైనవి కావంది. 2016లో అత్యధిక ప్రమాద తరగతికి మార్చింది. 2019 ఏప్రిల్‌లో జారిన అవయవాలకు యోని మార్గంలో వేసే మెష్ అమ్మకాలు ఆపేయమంది. బ్రిటన్‌లో బారనెస్ కంబర్లెజ్ నేతృత్వంలోని కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. అసలు ఎంతమందికి మెష్ వేశారో, ఎంతమంది దెబ్బతిన్నారో సరైన లెక్కే లేదని తేల్చింది. ఇకనైనా ఎవరికి ఏ పరికరం పెట్టారో నమోదు చేయమంది.

అక్కడ ఎవరో దొంగ రీడింగులు రాశారని నేననడం లేదు. రాయాల్సింది రాయలేదు, అడగాల్సింది అడగలేదు అంటున్నాను. హెర్నియా మెష్ వేయించుకున్న మీ నాన్నగారు దీన్ని చదివి భయపడక్కర్లేదు. అది వేరే చోట, వేరే అవసరానికి వేసేది. దాని అనుభవమూ వేరు.

మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్.వలియత్తాన్ బృందం గుండె కవాటం చేయాలనుకుంది. మొదటి మూడు నమూనాలూ ఫెయిలయ్యాయి. ఎందుకు ఫెయిలయ్యాయో దాచకుండా తేల్చుకుంటూ వెళ్లారు కాబట్టే నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరులో దాన్ని తొలిసారి రోగికి అమర్చారు. ఆ మూడు ఫెయిల్యూర్లకీ ‘పాస్’ అని రాసుకుని ఉంటే ఆ కవాటమే లేదు.

‘కాలేజీయే కాపీ కొట్టిస్తుంటే మేమేం చేస్తాం?’

న్యాయమైన మాటే. సగం ల్యాబుల్లో పరికరాలు పనిచేయవు. నిజమైన రీడింగు రాస్తే ‘గ్రాఫు తప్పొచ్చింది’ అని మార్కులు కోసే సార్లున్నారు. పుస్తకంలోని జవాబుతో కలవని రీడింగుకు విలువ ఇవ్వని చదువు మనది. ఈ తప్పులో పెద్ద వాటా కాలేజీలదే. దాన్ని నేను కాదనను.

కానీ ఇంటర్వ్యూలో కూర్చునేది కాలేజీ కాదు, మీరు. ‘మీ ప్రాజెక్టులో ఏది పనిచేయలేదు?’ అని నేనొక ప్రశ్న అడుగుతుంటాను. ‘అంతా బాగానే వచ్చింది సార్’ అన్నారంటే ప్రాజెక్టు వాళ్లది కాదని తెలిసిపోతుంది. నిజంగా చేసినవాళ్లకు చెప్పడానికి ఫెయిలైనదే ఎక్కువ ఉంటుంది.

ఎవరికి చోటుంది?

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. 2017 నిబంధనల ప్రకారం ప్రమాదాన్ని బట్టి వాటిని ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజించారు. దానర్థం, ప్రతి తయారీ సంస్థకూ రికార్డులు సరిగా నడిపే మనుషులు కావాలి. విశాఖపట్నంలో ఏపీ మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు మన పక్కనే ఉన్నాయి.

ట్యాకర్ ఒక్కటే తీసుకోండి. లోపలి మెకానిజానికి మెకానికల్ వాళ్లు కావాలి. హ్యాండిల్ అచ్చుకు టూల్ డిజైన్ తెలిసినవాళ్లు కావాలి. దానికి హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది. ప్లాస్టిక్ కోసం సీపెట్ ఉంది. స్టెరిలైజ్ అయిందో లేదో చూడటానికి బీఎస్సీ మైక్రోబయాలజీ, అనుమతుల ఫైళ్లకు బీఫార్మసీ పనికొస్తాయి. థియేటర్లో సర్జన్ పక్కన నిలబడి పరికరం గురించి చెప్పే ఉద్యోగం కూడా ఉంది.

ఉన్నమాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లా వందల మందిని ఒకేసారి క్యాంపస్‌లో తీసుకోరు. మొదట్లో జీతం కూడా ఊరించేలా ఉండకపోవచ్చు. ‘క్లినికల్’ అని పేరు పెట్టి అమ్మకాల టార్గెట్లు తలకెత్తేవీ ఉంటాయి. చేరేముందు టార్గెట్ ఉందా అని సూటిగా అడగండి.

ఈ వారమే మొదలుపెట్టండి

కోర్సు తర్వాత చూద్దాం. ముందు ఒక స్టేప్లర్ కొనండి. దానికీ ట్యాకర్‌కీ వరస దగ్గరే. ఐదువందల సార్లు కొట్టండి. ఎన్నోసారి పిన్ను వంగింది, ఎన్నోసారి ఇరుక్కుంది, ఎన్ని కాగితాలున్నప్పుడు అలా జరిగింది, తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాయండి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయొద్దు, పేజీ చింపొద్దు. కింద అంకె కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. మా రంగంలో దిద్దుబాటు పద్ధతి అదే. ఎందుకు ఇరుక్కుందో విప్పి చూడండి. తెలియకపోతే ‘కారణం తెలియలేదు’ అని రాయండి. ఆ మాట రాయడానికి సిగ్గుపడొద్దు.

తర్వాత అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ల ‘మాడ్’ డేటాబేస్ తెరవండి. పరికరాలు మొరాయించిన సందర్భాల నివేదికలు అందులో ఉచితంగా దొరుకుతాయి. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన పరికరానిదే తప్పు అని రుజువైనట్టు కాదు. అది గుర్తుపెట్టుకుని ఓ పది చదవండి. మన దేశంలోనూ 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం పేరుతో ఇలాంటి నివేదికలు తీసుకుంటున్నారు. ఆ ఫారంలో ఏమేం అడుగుతారో చూడండి.

రెండు వందల పేజీల బైండింగ్ ప్రాజెక్టు కన్నా ఆ స్టేప్లర్ నోట్‌బుక్ పట్టుకొచ్చినవాళ్లతోనే నేను ఎక్కువసేపు మాట్లాడతాను. పిన్ను సరిగా పడకపోతే పోయేదేం లేదు, కాగితం ఊడుతుందంతే. రేపు మీ చేతికి వచ్చేది మాత్రం ఎవరో ఒకరి కడుపులో దిగేది కావచ్చు. ఈ రాత్రి హాస్టల్లో ఆ రికార్డు మీ దాకా వస్తే, ఒక్క ప్రయోగమైనా పక్కన పెట్టండి. దాన్ని రేపు పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్లి, మీరే చేసి, వచ్చిందే రాయండి.