లొకేషన్ ఫార్వర్డ్ చేసే ముందు...

మంచి బిర్యానీ పాయింట్ దొరికితే వెంటనే గ్రూప్‌లో లొకేషన్ పడేస్తాం. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో బోటేసుకెళ్లి గాలం వేసేవాళ్లు మాత్రం, మునిగిపోయిన ఓడ లొకేషన్ దొరికితే నోరు మెదపరు!

ఎందుకంటే అక్కడ సముద్రం అడుగు చాలాచోట్ల ఒట్టి ఇసుకే. మునిగిన ఓడంటే చేపలకి అపార్ట్‌మెంట్ దొరికినట్టే. అందుకే 2006లో పెన్సకోలా దగ్గర ‘ఒరిస్కనీ’ అనే పాత విమానవాహక నౌకని కావాలనే ముంచారు. దాని లొకేషన్ ఓపెన్. ఎవరైనా వెళ్లొచ్చు.

కానీ ఒకాయన ఏళ్ల తరబడి పెట్రోలు తగలేసి, ఫిష్ ఫైండర్ చూసుకుంటూ వెతికి పట్టుకున్న చిన్న ఓడ సంగతి వేరు. నమ్మి మీకు చెప్పాడనుకోండి. మీరు ఇంకొకరికి, వాళ్లు పదిమందికి... కొన్నాళ్లకి అక్కడ బోట్ల ట్రాఫిక్ జామ్. అక్కడ దొరికే రెడ్ స్నాపర్ యాభై ఏళ్లు కూడా బతకగలదు. అలాంటి పెద్ద చేపల్ని ఒక్క సీజన్‌లో ఖాళీ చేస్తే, మళ్లీ అంతవి పెరగడానికి ఏళ్లు పడుతుంది.

‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొడితే మెసేజ్ పోతుంది. చూసి సేవ్ చేసుకున్నవాళ్ల జీపీఎస్‌లోంచి పోదుగా!

నా రూల్ ఒకటే. అందరిదీ అయితే ధారాళంగా పంచండి. ఒకరు నమ్మి చెప్పిందైతే, ముందు వాళ్లని అడగండి.