నాచు నుంచి ప్లాస్టిక్: ఎవరి కోసం?

పుచ్చతోట కోత అయిపోయాక మల్చింగ్ షీటు ఏరే పని ఎవరిది? మన ఆడకూలీలది. ఎండకి పెళుసెక్కిన నల్ల షీటుని ఒంగి ఒంగి ముక్కముక్కగా లాగాలి. సగం చేతికొస్తుంది, సగం మట్టిలోనే ఉండిపోతుంది. ఏరిన దాన్ని గట్టు మీద కుప్ప పోసి నిప్పు పెడతారు. ఆ పొగ ముందుగా పీల్చేదీ మనమే. మిరప, టమాటా చేలల్లోనూ ఇదే తంతు. షీటు పరవడానికి సబ్సిడీ ఉంది. ఏరే కూలి ఎవరివ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అందుచేత, మట్టిలో దానంతటదే కుళ్ళిపోయే ప్లాస్టిక్ అనే మాట వినబడినప్పుడు మనం చెవి ఒగ్గి వినాలి. అది మన నడుములకూ, మన నేలకూ సంబంధించిన విషయం.

వరిమళ్ళలో నీటి మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు మనకు కొత్త కాదు. అది ఎండతో తన తిండి తానే వండుకునే సూక్ష్మజీవి. వరిమడిలో నత్రజనిని అందించేది ఈ నాచేనని 1939లోనే పి.కె. డే అనే మన దేశపు శాస్త్రజ్ఞుడు చూపించాడు. అజొల్లా ఆకుల్లో కాపురముండేదీ ఈ జాతిదే.

ఈ జీవుల్లో కొన్నింటికి మరో గుణం ఉంది. ఎండా గాలీ ఉండి నత్రజని, భాస్వరం కరువైతే అవి పెరగడం ఆపేస్తాయి. మనం కరువుకాలానికి గాదెలో గింజలు పోసుకున్నట్టే, ఒంట్లో ఒక పదార్థాన్ని గుళికలుగా దాచుకుంటాయి. దాని పేరు పాలీ హైడ్రాక్సీ బ్యూటిరేట్, పొట్టిగా పి.హెచ్.బి. కరిగించి పోత పోస్తే అచ్చం ప్లాస్టిక్కే. మట్టిలో పడితే అక్కడి సూక్ష్మజీవులే దాన్ని తినేసి నీళ్ళుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తాయి. మరో రకం బాక్టీరియాలో ఈ పదార్థాన్ని పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞుడు 1920లలోనే కనిపెట్టాడు.

జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో ఒక నాచుజీవి జన్యువుల్ని మార్చి, దాని ఎండు బరువులో 63 శాతం దాకా పి.హెచ్.బి. తయారయ్యేట్టు చేశారు. ఎసిటేట్ అనే పదార్థాన్ని కూడా తిండిగా ఇస్తే 81 శాతానికి చేరింది. మన ఖరగ్‌పూర్ ఐఐటిలోనూ ఈ దారిలో పరిశోధనలు జరిగాయి.

ఇందులో మనకి మేలేమిటి? ఇప్పుడు బజారులో ఉన్న బయో ప్లాస్టిక్ చాలావరకు మొక్కజొన్న, చెరకు నుంచి వస్తోంది. అంటే తిండి పండే నేలలో సంచులు పండిస్తున్నారన్నమాట. పైగా మొక్కజొన్న రకం సుమారు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కర్మాగారంలోనే సరిగా కుళ్ళుతుంది, చేలో కాదు. నాచుకి సాగుభూమి అక్కర్లేదు.

అలాగని చంకలు గుద్దుకోవలసిన పనీ లేదు. తెరిచిన మడుగుల్లో లీటరు నీటికి ఒక గ్రాము ఎండు నాచు వస్తే గొప్పే. ఆ లెక్కన టన్ను నాచుకి 10 లక్షల లీటర్లు వడకట్టాలి. నీళ్ళు తిరిగి వాడుకోవచ్చు, కాని వడకట్టే కరెంటు ఖర్చు తప్పదు. సరుకు పెళుసు. ధర మామూలు ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు.

ధర దగ్గరే అసలు కథ ఉంది. బాక్టీరియాకి చక్కెర మేపి ఇదే జాతి ప్లాస్టిక్‌ని ఐసిఐ అనే బ్రిటిష్ కంపెనీ బయోపాల్ పేరుతో తయారు చేసింది. 1990లో జర్మనీలో షాంపూ సీసాలుగా బజారుకొచ్చింది. 1996లో అది మోన్‌శాంటో చేతికి పోయింది. లాభం గిట్టుబాటు కాలేదని 1990ల చివర్లో ఆ కంపెనీ దాన్ని మూలన పడేసింది. నేల బాగుపడుతుందా లేదా అన్నది కంపెనీ లెక్కల పుస్తకంలో ఉండదు! ఆ మోన్‌శాంటో ఎవరో మన పత్తి రైతుకి వేరే చెప్పాలా? 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టిపి కమిషన్ గడప తొక్కితే గాని బీటీ విత్తనాల ధర దిగిరాలేదు.

రేపు నాచుకీ అదే గతి పట్టకూడదంటే ఇప్పుడే అడగాలి. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ఫలితం ప్రజల సొత్తుగానే ఉండాలి. నాచు మడుగుల పేరుతో ఊరి చెరువులూ పోరంబోకులూ ఎవరికీ రాసివ్వకూడదు. కోస్తాలో రొయ్యల చెరువులు విచ్చలవిడిగా తవ్వాక, వాటికి కళ్ళెం వేస్తూ సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆలోగా ఎన్ని మంచినీళ్ళ బావులు ఉప్పుబారాయో ఆ ఊళ్ళవాళ్ళనడగండి.

నాచు ప్లాస్టిక్ చేలోకి వచ్చేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోలేం. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని తయారుచేసినవాడే తిరిగి పోగుచేయించాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. మల్చింగ్ షీటుకీ అదే కట్టడి రావాలి. ఏరే పనికి విడిగా కూలి కట్టాలి, చేతి తొడుగులివ్వాలి. ఈ సీజన్‌లో కూలి రేట్లు మాట్లాడుకునేటప్పుడే ప్రతి ఊళ్ళో ఈ మాట ఎత్తండి. నాచు తన గాదె తాను నింపుకుంటుంది. ఆ గాదె తాళంచెవి ఎవరి మొలలో ఉండాలో తేల్చవలసింది మనమే.